చెట్టు బొమ్మ, 1652 ఉన్న మసాచుసెట్స్ షిల్లింగ్: కొనాలా వద్దా అన్న ప్రశ్నకు నా జవాబు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఫోటోలు నాలుగూ పెద్దవి చేసి చూశాను. మిగతావాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. మీరు న్యూ హాంప్‌షైర్‌లో ఉంటున్నారు. ఆదివారం ఫ్లీ మార్కెట్‌లో ఒక పెద్దాయన మీకు వెండి నాణెం చూపించారు. ఒకవైపు చెట్టు, రెండోవైపు 1652, దాని కింద రోమన్ అంకెల్లో పన్నెండు. అడ్డం కొలత 24 మిల్లీమీటర్లు, బరువు 4.1 గ్రాములు. చెట్టు పైభాగాన ఎప్పుడో రంధ్రం పొడిచి, మళ్లీ పూడ్చినట్టు గుర్తు. 900 డాలర్లు అడిగారు, వచ్చే ఆదివారం దాకా వేరేవాళ్లకు ఇవ్వనన్నారు. అసలుదేనా, ఎంత చేస్తుంది, కొన్నాక శుభ్రం చేయించవచ్చా అని మీరు అడిగారు.

శుభ్రం సంగతి ముందు చెప్పేస్తాను, ఎందుకంటే మిగతా రెండింటికీ తొందర లేదు, దీనికి ఉంది. ముట్టుకోకండి. మన ఇళ్లలో వెండి కుందులు, పళ్లాలు విభూతితోనో చింతపండుతోనో తోమడం అలవాటు. ఆ అలవాటుతో చేయి దానంతటదే వెళ్తుంది. టూత్‌పేస్టు, బేకింగ్ సోడా, అల్యూమినియం ఫాయిల్, షాపులో దొరికే సిల్వర్ డిప్, ఏదీ వద్దు. మూడున్నర శతాబ్దాలుగా ఆ వెండి మీద పేరుకున్న బూడిద రంగు, నీలం కలిసిన నలుపు, అదే దాని ఒంటి చర్మం. అది పోతే మళ్లీ రాదు. తోమిన నాణేన్ని గ్రేడింగ్ కంపెనీలు, అంటే నాణెం అసలుదో కాదో, ఎంత అరిగిందో చూసి ధ్రువీకరించేవి, చూడగానే పట్టేస్తాయి, ధర సగానికి పడిపోతుంది. అలాగే తెలిసిన కంసాలి దగ్గరికి తీసుకెళ్లి గీటురాయి మీద గీయించకండి. నగకు అది పరీక్ష, ఈ నాణేనికి గాయం.

ఇక అసలు విషయం. ఈ నాణేలతో నాకు ఇరవై ఆరేళ్ల పరిచయం. మసాచుసెట్స్ వెండి తప్ప మరొకటి పెద్దగా సేకరించలేదు. ఇన్నేళ్లలో నాకు బాగా అర్థమైనది ఒక్కటే: ఈ నాణేల్లో ఏ ఒక్కటీ ఒంటరిది కాదు. ప్రతిదాన్నీ ఏదో ఒక జత అచ్చులతో కొట్టారు, ఆ అచ్చులు లెక్కపెట్టగలిగినన్నే. కాబట్టి మీ చేతిలో ఉన్నది అసలుదైతే, అదే అచ్చు నుంచి వచ్చిన తోబుట్టువులు ఎక్కడో ఒకచోట, ఏదో ఒక వేలం ఫోటోలో ఉండే తీరతాయి. మీరు చేయాల్సిన పని ఆ తోబుట్టువును వెతకడం. ధర, గ్రేడు, బేరం అన్నీ ఆ తర్వాతే.

అది ఎలా వెతకాలో తెలియాలంటే ఈ నాణేలు ఎలా పుట్టాయో కొంచెం తెలియాలి. బోస్టన్ చుట్టూ స్థిరపడిన ఇంగ్లీషువాళ్లకు చిల్లర కొరత చాలా ఉండేది. మొక్కజొన్న, బీవర్ తోళ్లు, స్థానిక తెగలవాళ్ల గవ్వ పూసలు, ఒక దశలో తుపాకీ గుళ్లు కూడా డబ్బుగా చెల్లాయి. వెస్టిండీస్ వ్యాపారం ద్వారా స్పానిష్ వెండి వచ్చేది కానీ, అందులో కల్తీ సరుకు, అంచులు కత్తిరించిన సరుకు బాగా ఉండేది. 1652 మే నెలలో మసాచుసెట్స్ జనరల్ కోర్టు, అంటే అక్కడి శాసనసభ, సొంత టంకశాల పెట్టాలని నిర్ణయించింది. జాన్ హల్ అనే వెండిపనివాడికి బాధ్యత ఇచ్చారు, రాబర్ట్ శాండర్సన్ ఆయన భాగస్వామి. టంకశాల అంటే పెద్ద కట్టడం ఊహించుకోకండి. పదహారు అడుగుల పొడవు, అంతే వెడల్పు, పది అడుగుల ఎత్తున్న గది. అమెరికా ఖండంలో ఇంగ్లీషువాళ్ల వలసల్లో మొట్టమొదటి టంకశాల అదే.

మొదట కొట్టినవి చాలా సాదాగా ఉండేవి. గుండ్రటి వెండి బిళ్ల మీద ఒకవైపు ఎన్, ఈ అని న్యూ ఇంగ్లండ్ పొడి అక్షరాలు, రెండోవైపు విలువ చెప్పే రోమన్ అంకె. పన్నెండు పెన్నీలు (అదే షిల్లింగ్), ఆరు, మూడు. మిగతా జాగా అంతా ఖాళీ. అంత ఖాళీ ఉంటే దొంగకు పండగే కదా. అంచు గిల్లుకుంటే ఎవరికీ తెలియదు, దొంగ ముద్ర కొట్టడమూ తేలికే. అందుకే అక్టోబరుకల్లా నమూనా మార్చేశారు. మధ్యలో చెట్టు, చుట్టూ అక్షరాలు, వాటి చుట్టూ పూసల వలయం. అంచు కత్తిరిస్తే పూసలూ అక్షరాల తలలూ పోతాయి, చూడగానే దొరికిపోతారు. మీ రెండో ఫోటోలో కుడివైపు అక్షరాల తలలు తెగి ఉన్నాయి, చూశారా? ఆ కాలంలో ఎవరో గిల్లుకున్న వెండి అది. ఆ తర్వాత చెట్టు మూడు రూపాలు తీసుకుంది. సుమారుగా 1653 నుంచి 1660 దాకా విల్లో, తర్వాత 1667 దాకా ఓక్, ఆపైన 1682 దాకా పైన్. ఈ పేర్లు సేకరణకర్తలు పెట్టుకున్నవి. విల్లో అంటున్నది నిజానికి గీతల గజిబిజి, అచ్చు రెండు మూడుసార్లు పడి చెదిరిపోయిన బొమ్మ. పైన్‌లో మళ్లీ రెండు రకాలు: ముందు వెడల్పుగా, పలచగా ఉన్న పెద్ద బిళ్లలు, 1675 ప్రాంతం నుంచి చిన్నగా, మందంగా ఉన్న బిళ్లలు. మీది 24 మిల్లీమీటర్లు కాబట్టి, అసలుదైతే, చిన్న బిళ్ల పైన్ షిల్లింగ్.

ఇక్కడ చాలామంది పొరపడేది ఆ 1652 దగ్గర. ముప్ఫై ఏళ్ల పాటు కొట్టినా, చెట్టు నాణేల్లో దాదాపు అన్నింటి మీదా అదే సంవత్సరం వేశారు. మినహాయింపు ఒక్కటే, ఓక్ చెట్టున్న రెండు పెన్నీల నాణెం, దాని మీద 1662 ఉంటుంది. ఇంగ్లండులో రాజు లేని కాలంలో చట్టం చేశారు కాబట్టి, రాజు తిరిగి వచ్చాక కూడా పాత తేదీ వెనక దాక్కున్నారని కొందరంటారు. చట్టం చేసిన సంవత్సరాన్నే అచ్చు మీద ఉంచేశారని మరికొందరంటారు. రెండో చార్లెస్ రాజుకు కోపం వస్తే, ఈ చెట్టు మిమ్మల్ని దాచి ప్రాణం కాపాడిన ఓక్ చెట్టే ప్రభూ అని ఒకాయన నచ్చజెప్పాడని ఒక కథ కూడా ఉంది. ఆ కథ నాకు ఇష్టమే గానీ విలువ కట్టేటప్పుడు పనికిరాదు. మీకు కావాల్సింది ఇంతే: మీ నాణెం మీద 1652 ఉన్నంత మాత్రాన అది 1652 నాటిది కాదు, అమ్మేవాళ్లు "మొదటి సంవత్సరంది" అంటే నమ్మకండి.

ఇప్పుడు బరువు. చట్టం ప్రకారం షిల్లింగ్ 72 గ్రెయిన్లు, అంటే 4.67 గ్రాములు. ఆరు పెన్నీలది అందులో సగం, మూడు పెన్నీలది పావు. ఇంగ్లండు షిల్లింగ్ దాదాపు 93 గ్రెయిన్లు ఉండేది. బోస్టన్‌ది 22 శాతం పైగా తేలిక అన్నమాట. కావాలనే అలా చేశారు. తేలిక నాణేన్ని లండన్ వ్యాపారి పూర్తి విలువకు తీసుకోడు, కాబట్టి వెండి ఊరు దాటి పోకుండా ఉంటుందని వాళ్ల ఆశ. లోహం మాత్రం ఇంగ్లండు ప్రమాణమే, వెయ్యికి 925 పాళ్లు వెండి. మీ 4.1 గ్రాములంటే 63 గ్రెయిన్లు. తొమ్మిది గ్రెయిన్లు తక్కువ. అంచు గిల్లడం, రంధ్రం, మూడు వందల ఏళ్ల అరుగుదల అన్నీ కలిపితే ఆ తగ్గుదల నాకు ఆశ్చర్యంగా లేదు. నిజం చెప్పాలంటే అరిగి, గిల్లి ఉన్న నాణెం ఖచ్చితంగా 4.67 చూపిస్తేనే నాకు అనుమానం వస్తుంది. నకిలీ చేసేవాళ్లు పుస్తకంలో ఉన్న అంకె చూసి బరువు పెడతారు, అరుగుదలను లెక్కలో వేయడం మర్చిపోతారు.

తోబుట్టువుల వెతుకులాట ఇలా చేయండి. సిడ్నీ నో అనే పరిశోధకుడు గత శతాబ్దం మధ్యలో ఈ నాణేలన్నింటినీ అచ్చుల వారీగా విడదీసి నంబర్లు ఇచ్చారు. వేలం సంస్థలు ఇప్పటికీ "నో 1", "నో 16", "నో 29" అనే రాస్తాయి. హెరిటేజ్, స్టాక్స్ బవర్స్ సంస్థల పాత వేలం ఫోటోలు ఆన్‌లైన్‌లో ఉంటాయి. న్యూమన్ న్యూమిస్మాటిక్ పోర్టల్‌లో పాత క్యాటలాగులు ఉచితంగా దొరుకుతాయి. నోటర్‌డామ్ విశ్వవిద్యాలయం వాళ్ల కలోనియల్ నాణేల పేజీలు మొదలుపెట్టేవాళ్లకు చాలా మంచివి. చిన్న బిళ్ల పైన్ షిల్లింగుల ఫోటోలు వరసగా తెరిచి, మీ ఫోటో పక్కన పెట్టుకోండి.

చెట్టు ఆకారం మొత్తం చూసి "ఇదే" అనుకోవద్దు, అక్కడే కన్ను మోసం చేస్తుంది. జాగాలు చూడండి. చెట్టు శిఖరం ఏ అక్షరం వైపు చూపిస్తోంది? మొదలు కింద వేళ్లు ఏ రెండు అక్షరాల మధ్యకు వస్తున్నాయి? 1652లో ఆరు పక్క అంకె కన్నా పైకి ఉందా, కిందికి ఉందా? చేత్తో ఒక్కో అక్షరం గుద్ది చేసిన అచ్చులు కాబట్టి ఏ రెండు అచ్చుల్లోనూ ఈ ఎడాలు ఒకేలా రావు. ఉదాహరణకు ఆరు పెన్నీల పైన్ నాణెంలో మొదలుకు అటూ ఇటూ చుక్కలున్న అచ్చు ఒకటి, చుక్కలు లేనిది ఇంకొకటి. నంబర్లు వేరు. స్పెల్లింగ్ కూడా ఇప్పటిది కాదు, మసాచుసెట్స్ అన్న మాటను వాళ్లు రాసుకున్న పద్ధతిలో యు ఉండాల్సిన చోట వి ఉంటుంది. ఇప్పటి స్పెల్లింగ్ కనిపిస్తే ఇక చూడాల్సింది ఏమీ లేదు, వెనక్కి ఇచ్చేయండి.

తోబుట్టువు దొరికితే మంచిది. కవల దొరికితే మాత్రం ప్రమాదం. ఈ తేడా నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను.

2004లో ఒక నాణేల ప్రదర్శనలో పైన్ చెట్టు ఆరు పెన్నీల నాణెం కొన్నాను. అప్పటికి నాలుగైదేళ్ల అనుభవం ఉంది, అచ్చు సరిపోల్చడం వచ్చు. అచ్చు సరిగ్గా సరిపోయింది. బొరుసు వైపు ఆరు అంకె కింద చిన్న నొక్కు ఉండేది, నూకగింజ అంత. దాని కుడి కొస కొంచెం వంగి ఉండేది. ఎప్పుడో ఎవరి చేతిలోనో కింద పడి ఉంటుంది అనుకున్నాను. ఆ నొక్కు నాకు ముద్దుగా కూడా అనిపించేది. మూడేళ్ల తర్వాత ఒక రాత్రి ఆన్‌లైన్ అమ్మకాల్లో వేరే ఊరివాళ్లు పెట్టిన ఆరు పెన్నీల నాణెం చూస్తున్నాను. ఆరు కింద అదే నూకగింజ, అదే వంగిన కొస. నాది బీరువాలోంచి తీసి స్క్రీన్ పక్కన పెట్టి చూశాను. చేతులు చల్లబడ్డాయి.

అచ్చులో ఉన్న లోపం ఆ అచ్చు నుంచి వచ్చిన అన్ని నాణేల మీదా వస్తుంది, అది న్యాయమే. కానీ అది అచ్చు లోపం కాదు, నొక్కు. నాణెం పుట్టాక తగిలిన దెబ్బ. దెబ్బలు రెండు నాణేలకు ఒకేచోట, ఒకే ఆకారంలో తగలవు. ఎవరో ఒక అసలు నాణెం నుంచి మూస తీసి, వెండి పోసి, దాని దెబ్బతో సహా పిల్లల్ని కన్నారు. భూతద్దంలో మళ్లీ చూస్తే అప్పుడు కనబడింది: అక్షరాల మొదళ్ల దగ్గర పదును లేదు, మైనం కరిగినట్టు గుండ్రంగా ఉంది, మైదానంలో, అంటే బొమ్మా అక్షరాలూ లేని ఖాళీ జాగాలో, చిన్న చిన్న బుడిపెలు ఉన్నాయి. మూడేళ్లు చూస్తూనే ఉన్నా అవి కంటికి ఆనలేదు. అమ్మినాయన మళ్లీ ఏ ప్రదర్శనలోనూ నాకు తగలలేదు. ఆ నాణెం ఇప్పటికీ నా దగ్గరే ఉంది, కొత్తవాళ్లు వస్తే అసలుదాని పక్కన పెట్టి చూపిస్తాను.

కాబట్టి మీ నాణెం మీద ఉన్న ప్రతి గీత, నొక్కు ఒక కాగితం మీద బొమ్మ గీసి గుర్తు పెట్టుకోండి. అచ్చు సరిపోవాలి, దెబ్బలు సరిపోకూడదు.

నకిలీల్లో పాతవి కూడా ఉన్నాయని తెలుసుకోండి. 1850లలో న్యూయార్క్‌లో థామస్ వయట్ అనే ఆయన ఈ మసాచుసెట్స్ నాణేలకు దొంగ అచ్చులు చేయించి, బోస్టన్ పక్కన చెల్సీలో భూమిలో దొరికాయని చెప్పించాడు. ఆయన చెట్టు బొమ్మతో ఒక పెన్నీ నాణెం కూడా చేశాడు, అసలు హల్ టంకశాల ఎప్పుడూ ఒక పెన్నీ కొట్టనే లేదు. ఆ నకిలీలకే ఇప్పుడు వయసొచ్చి, నలుపెక్కి, చూడ్డానికి పెద్దమనుషుల్లా ఉన్నాయి. ఇక ఇప్పటివి చెప్పనక్కర్లేదు, ఆన్‌లైన్‌లో కుప్పలు. చారిత్రక స్థలాల దుకాణాల్లో అమ్మే జ్ఞాపికలు ఇంకో రకం. అమెరికాలో 1973 చట్టం ప్రకారం నమూనా నాణేల మీద కాపీ అన్న ముద్ర ఉండాలి. ఉండాలి గానీ, ఆ ముద్రను రాపిడి పెట్టి చెరిపేసేవాళ్లు ఉన్నారు.

ఇందుకే మీ నాణెంలో పూడ్చిన రంధ్రం నాకు రెండు రకాలుగా కనబడుతోంది. మామూలుగా అయితే అది మంచి గుర్తే. ఆ రోజుల్లో ఈ నాణేలను మెడలో వేసుకోవడానికి, బట్టకు కుట్టుకోవడానికి రంధ్రం పెట్టేవాళ్లు. కొన్నింటిని పళ్లతో కొరికి రెండు చోట్ల వంచి, మంత్రగత్తెల పీడ తగలకుండా దగ్గర ఉంచుకునేవాళ్లని చెబుతారు. మన దగ్గర పిల్లలకు తాయెత్తు కట్టినట్టే. అలా వంగినవాటిని సేకరణకర్తలు ఇష్టంగా కొంటారు. మీదానిలో ఉన్న కొంచెం వంపు అలాంటిదేనా అని అడిగారు. ఆ ఫోటోలో నాకు పంటి గాట్లు కనబడలేదు, కాబట్టి ఆ కథ కట్టను. కానీ పూడ్చిన చోటు చుట్టూ ఒక చతురస్రపు జాగా మిగతా దానికన్నా నున్నగా, మెరుపుగా ఉంది. రంధ్రం పూడ్చాక మెరుగు పెట్టిన గుర్తు కావచ్చు. ముద్ర చెరిపిన గుర్తూ కావచ్చు. ఫోటోలో తేల్చలేను. కిటికీ దగ్గర పట్టుకుని, వెలుగు పక్క నుంచి పడేలా చూడండి. అక్షరాల నీడలు ఏమైనా ఉంటే ఆ ఏటవాలు వెలుగులోనే లేస్తాయి.

ఇంట్లో చేయగల ఇంకో పరీక్ష ఉంది, నాణేనికి ఏ హానీ లేనిది. పెద్దాయన ఒప్పుకుంటే అక్కడే రెండు నిమిషాల్లో అయిపోతుంది. గ్రాములో వందో వంతు చూపించే చిన్న కాటా, ఒక ప్లాస్టిక్ గ్లాసు, డిస్టిల్డ్ వాటర్, సన్నటి దారం తీసుకెళ్లండి. నీళ్ల గ్లాసును కాటా మీద పెట్టి సున్నా చేయండి. నాణేన్ని దారానికి కట్టి, అడుగుకూ గోడకూ తగలకుండా నీళ్లలో మునిగేలా వేలాడదీయండి. కాటా మీద వచ్చిన అంకెతో నాణెం బరువును భాగిస్తే సాంద్రత వస్తుంది. 925 వెండికి అది సుమారు 10.3 ఉంటుంది. మీ 4.1 గ్రాములకు కాటా 0.40 దగ్గర ఆగాలి. 0.46 చూపిస్తే రాగి ఎక్కువ, 0.55 దాటితే జ్ఞాపికల దుకాణంలో అమ్మే తగరపు సరుకు. ఇంత చిన్న నాణేనికి వందో వంతు తేడా వచ్చినా అంకె మారిపోతుంది కాబట్టి మూడుసార్లు చేసి చూడండి. తర్వాత మెత్తటి గుడ్డ మీద పెట్టి అద్దండి, రుద్దకండి. ఇది పాసైతే వెండి అని తెలుస్తుంది, అంతవరకే. నేను మోసపోయిన ఆరు పెన్నీలది కూడా మంచి వెండే.

అంచు ఫోటో మీరు పెట్టలేదు. ఈ నాలుగు ఫోటోల కన్నా అదే నాకు ముఖ్యం. పోత నాణేనికి అంచు చుట్టూ సన్నటి గీత, లేదా ఆ గీతను ఆకురాయితో అరగదీసిన జాడ ఉంటుంది. ఎలక్ట్రోటైపు అనే రకంలో బొమ్మ, బొరుసు విడివిడిగా పెంకుల్లా తయారుచేసి మధ్యలో సీసం నింపి అతికిస్తారు, అక్కడా అంచే పట్టిస్తుంది. హల్ మనుషులు కత్తెరతో కత్తిరించిన బిళ్ల అంచు అంత గుండ్రంగా ఉండదు, అక్కడక్కడ చదునుగా, కోణంగా ఉంటుంది. అంచు నుంచి లోపలికి చిన్న చీలికలు ఉండటం మామూలు, వాటిని చూసి భయపడకండి.

ధర విషయానికి వస్తాను. ఈ మధ్య పెద్ద అంకెలు వార్తల్లోకి వచ్చి అందరికీ ఆశ పెంచాయి. 2021లో ఇంగ్లండులో ఒక పాత మిఠాయి డబ్బాలో దొరికిన ఎన్ఈ షిల్లింగ్ (చెట్టు రాకముందు కొట్టిన మొదటి రకం) లండన్ వేలంలో 2,64,000 పౌండ్లకు పోయింది. 2024 నవంబరులో ఎన్ఈ మూడు పెన్నీల నాణెం, గ్రాము పైచిలుకు బరువు, 25 లక్షల 20 వేల డాలర్లు పలికింది. అది నెదర్లాండ్స్‌లో పాత బీరువాలో దొరికింది. ప్రైవేటు వ్యక్తుల దగ్గర తెలిసినంతలో అదొక్కటే, ఇంకొకటి మసాచుసెట్స్ హిస్టారికల్ సొసైటీలో ఉంది, మూడోది అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం నుంచి దశాబ్దాల కిందట దొంగతనానికి గురైంది. ఆ అంకెలకూ మీ నాణేనికీ సంబంధం లేదు. చిన్న బిళ్ల పైన్ షిల్లింగ్ ఈ మొత్తం కుటుంబంలో అందరికన్నా ఎక్కువగా దొరికే బిడ్డ. అచ్చు మామూలుదై, మధ్యస్థంగా అరిగి, అక్షరాలన్నీ చదవగలిగి, లోపం లేకుండా ఉంటే కొన్ని వేల డాలర్లు. పూడ్చిన రంధ్రం, గిల్లిన అంచు రెండూ ఉన్నవాటికి గ్రేడింగ్ కంపెనీలు అంకె ఇవ్వవు, అసలుదే గానీ లోపం ఉందని "డీటెయిల్స్" అని రాసి స్లాబ్‌లో, అంటే సీలు వేసిన ప్లాస్టిక్ పెట్టెలో, పెడతాయి. అలాంటివి లోపం లేనివాటిలో సగం కన్నా తక్కువకే పోతుంటాయి. ఆ లెక్కన, అసలుదైతే 900 అన్యాయమైన ధర కాదు. నకిలీదైతే వెండి ఖరీదు, అంటే కొన్ని డాలర్లు.

విలువ కట్టేటప్పుడు అమ్మకానికి పెట్టిన ధరలు చూడకండి, నిజంగా అమ్ముడుపోయిన ధరలు చూడండి. అదే నో నంబరు, అదే రకం లోపం ఉన్నవి మూడు నాలుగు వెతకండి. వేలం ధరలో కొనేవాళ్లు అదనంగా కట్టే కమిషన్ కలిసి ఉంటుంది, అమ్మేవాళ్ల చేతికి అంత రాదు. ఇంకొకటి, ఒక పాత కాగితపు కవరో, చేత్తో రాసిన చీటీయో ఉందేమో పెద్దాయనను అడగండి. ఫలానా సేకరణలోంచి వచ్చిందన్న రుజువు ఉంటే ఈ రంగంలో దానికి నిజంగా ధర ఉంది, నాణెం కొన్నాక చీటీ పారేసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. సముద్రంలో దొరికినవాటి సంగతి వేరు. 1711లో నోవా స్కోషియా దగ్గర మునిగిన ఫీవర్‌షామ్ అనే ఓడలో ఈ నాణేలు చాలా దొరికాయి. ఉప్పునీళ్లు తినేసి గరుకుగా ఉంటాయి. కానీ ఏ ఓడదో తెలుసు కాబట్టి ఆ గరుకును జనం క్షమిస్తారు.

లోపాల్లో నా సొంత వరస చెప్తాను, అందరూ ఒప్పుకోకపోవచ్చు. అంచు గిల్లిన నాణెం నాకు ఇబ్బంది కాదు, ఆ కత్తెర ఆ కాలానిది, అది నాణెం జీవితంలో భాగం. ఆనాటి రంధ్రం, పూడ్చకుండా వదిలేసింది, అదీ ఫరవాలేదు. పూడ్చి, మీద చెట్టు కొమ్మలు కొత్తగా చెక్కినది మాత్రం నేను కొనను. తోమి తళతళలాడించినది అసలే కొనను. మీదానిలో పూడ్చిన చోట కొమ్మలు చెక్కినట్టు లేదు, అది కొంచెం ఊరట.

ఒక పక్క మాట, మనవాళ్లకు ఆసక్తి ఉంటుందని. యేల్ విశ్వవిద్యాలయానికి పేరిచ్చిన ఎలైహు యేల్ 1649లో బోస్టన్‌లోనే పుట్టాడు. హల్ టంకశాల పెట్టిన 1652లోనే పసివాడిగా ఇంగ్లండు వెళ్లిపోయాడు. పెద్దయ్యాక ఈస్టిండియా కంపెనీలో చేరి మద్రాసు సెయింట్ జార్జ్ కోటకు గవర్నరయ్యాడు. బోస్టన్‌లో పైన్ చెట్టుగా మారింది ఎక్కువగా స్పానిష్ అమెరికా వెండే. ఆ తర్వాత శతాబ్దంన్నరకు, 1808 ప్రాంతంలో, మద్రాసులో కంపెనీవాళ్లు స్పానిష్ డాలర్ల వెండితోనే గోపురం బొమ్మ ఉన్న అర పగోడాలు కొట్టారు, వాటి మీద తెలుగు అక్షరాలు ఉంటాయి. నా ట్రేలో ఒక పైన్ షిల్లింగ్ పక్కన ఒక అర పగోడా ఉంటుంది. రెండింటినీ కలిపి చూస్తుంటే నాకు కలిగే సంతోషం మాటల్లో చెప్పలేను.

కొన్నాక పాటించాల్సినవి త్వరగా చెప్పేస్తాను. మెత్తగా వంగే పీవీసీ ప్లాస్టిక్ కవర్లలో పెట్టకండి, కొన్నాళ్లకు ఆకుపచ్చ జిగురు ఊరి వెండిని పాడుచేస్తుంది. అంచు పట్టుకోండి, మైదానం మీద వేలు పెట్టకండి. ఇంటి ఇన్సూరెన్స్‌లో నాణేలకు పరిమితి చాలా తక్కువ ఉంటుంది, అడిగి చూసుకోండి. అమ్మితే అమెరికాలో పన్ను షేర్ల రేటు కాదు, సేకరణ వస్తువులకు దీర్ఘకాల లాభం మీద 28 శాతం దాకా పడుతుంది. ఇంకో ముఖ్యమైనది: అమ్మానాన్నలకు చూపిద్దామని ఇండియాకు తీసుకెళ్లకండి. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణేన్ని భారతదేశం నుంచి ప్రైవేటు వ్యక్తులు బయటికి తేవడానికి వీల్లేదు. తిరుగు ప్రయాణంలో ఎయిర్‌పోర్టులో నాణెం ఎక్కడిదో వివరించే టెన్షన్ మీకెందుకు. ఫోటో చూపించండి.

ఇక ఆదివారం ఏం చేయాలి. పెద్దాయనతో మర్యాదగా ఒక్క మాట అడగండి (పీసీజీఎస్, ఎన్‌జీసీ రెండూ గ్రేడింగ్ కంపెనీలే): "పీసీజీఎస్‌కో ఎన్‌జీసీకో పంపిస్తాను, అసలుది కాదంటే డబ్బు వెనక్కి ఇస్తానని రెండు వాక్యాలు రాసి సంతకం పెడతారా?" ఆయన నిజాయితీపరుడై, నాణెం మీద నమ్మకం ఉంటే చాలావరకు ఒప్పుకుంటారు. ఒప్పుకుంటే, నీళ్ల పరీక్ష పాసై, అచ్చు తోబుట్టువు దొరికి, ఆ నున్నటి చోట అక్షరాల నీడలు లేకపోతే, నేనైతే 750 అడిగి 850 దాకా వెళ్తాను. గ్రేడింగ్ ఖర్చు నా మీద పడుతుంది కదా. ఒప్పుకోకపోతే దండం పెట్టి వచ్చేయండి. అదే డబ్బుకు ఇంకొంచెం కలిపి, ఇప్పటికే స్లాబ్‌లో ఉన్న డీటెయిల్స్ పైన్ షిల్లింగ్ ఏదో ఒక వేలంలో కొనుక్కోవచ్చు, ఇవి ఏటా వస్తూనే ఉంటాయి. "వారం దాటితే పోతుంది" అన్న మాట వల్ల ఈ రంగంలో పోయిన డబ్బు చాలా ఉంది.

ఈలోపు శనివారం వీలైతే ఆయనకు ఫోన్ చేసి, అంచుది నాలుగు వైపుల నుంచి నాలుగు ఫోటోలు, పూడ్చిన చోటుది పక్క వెలుగులో ఒకటి అడిగి తీసుకుని ఇక్కడే పెట్టండి. ఫ్లాష్ వద్దు, కిటికీ వెలుగు చాలు. మీరు సరిపోల్చుకున్న నో నంబరు కూడా రాయండి, తప్పైనా పర్వాలేదు. నేను రాత్రి కూర్చుని నా దగ్గరున్న ఫోటోలతో పోల్చి చెప్తాను.